20 లక్షల మంది మాట్లాడే భాషకి ఏం ముప్పు?

గత నెల ఈ శీర్షికలో ఫిలిప్పీన్స్‌లోని పంపాంగ ప్రాంతం గురించి, అక్కడి కపంపాంగన్ భాషకి వచ్చిన ముప్పు గురించి కొద్దిగా రాశాను. మా వారి ఉద్యోగరీత్యా అక్కడి ఏంజెలెస్ ఊళ్లో చాలా ఏళ్లు కాపురమున్నాం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ భాష మీద మనసు పడింది. పక్కింటి పెద్దావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ నాలుగు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

మా అబ్బాయి ఏంజెలెస్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. అక్కడ ఇంగ్లిషుతో సరిపోతుంది, కాస్త తగలాగ్ వస్తే చాలు అన్నారు. వీడు ఫోన్‌లో తగలాగ్ నేర్చుకుని మరీ వెళ్లాడు. తీరా బజారులో పెద్దవాళ్లు మాట్లాడుకునేది ఒక్క ముక్క అర్థం కావడం లేదట. అది తగలాగ్‌లో ఒక యాసా, వేరే భాషా? — ఓ తల్లి, నరసరావుపేట

వేరే భాషేనమ్మా. తగలాగ్ మనీలా వైపు వాళ్ల భాష, ఏంజెలెస్ పెద్దవాళ్లది కపంపాంగన్. మీ అబ్బాయి తగలాగ్‌లో లోపమేమీ లేదు. 'తిందాం రండి' అనడానికి తగలాగ్‌లో 'కాయిన్ నా తాయో' అంటారు, కపంపాంగన్‌లో 'మంగన్ త న' అంటారు. ఇల్లు అక్కడ 'బాహయ్', ఇక్కడ 'బలే'. పగలు అక్కడ 'ఆరావ్', ఇక్కడ 'అల్దో'. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే తగలాగ్‌లో 'ఇసా, దలవా, తత్లో', కపంపాంగన్‌లో 'మెతుంగ్, అద్వా, అత్లు'. నాలుగూ ఐదూ మాత్రం రెండింట్లోనూ 'అపట్, లిమా'. కాబట్టి చుట్టరికం ఉంది. కానీ అది మనకీ కన్నడిగులకీ ఉన్న చుట్టరికం లాంటిది. కపంపాంగన్‌కి అసలు దగ్గరి బంధువులు పడమటి కొండల అవతల సంబాలెస్ వైపు మాట్లాడే సంబల్ భాషలు.

ఇవన్నీ ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోవి. తైవాన్‌లో పుట్టి, పడవలెక్కి సముద్రాలు దాటిన కుటుంబం అది. అటు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ నుంచి ఇటు పసిఫిక్ మధ్యలో ఈస్టర్ దీవి దాకా, కిందికి న్యూజిలాండ్ దాకా దాదాపు 1,200 భాషలు. ఆ ఐదుని మలయ్‌లోనూ హవాయిలోనూ 'లిమా' అనే అంటారు, మావోరీలో 'రిమా', మడగాస్కర్‌లో 'దిమి'.

కపంపాంగన్ ఊళ్లు మనీలాకి ఉత్తరాన, లూజాన్ దీవి నడిమి మైదానంలో ఉంటాయి. పంపాంగ ప్రావిన్సు మొత్తం, దాని పైనున్న టార్లక్‌లో దక్షిణ భాగం, సరిహద్దుల్లో బతాన్, బులకాన్, నువేవా ఎసిహాల్లోని కొన్ని ఊళ్లు. అంతా వరి పండే నేల. మనీలా నుంచి ఏంజెలెస్‌కి సుమారు 80 కిలోమీటర్లు. ఈ 80 కిలోమీటర్లు గుర్తుంచుకోండి, కింది జవాబులో పనికొస్తుంది.

మీ అబ్బాయికి చెప్పడానికి ఇంకో ముచ్చట. 1762లో బ్రిటిష్ వాళ్లు స్పానిష్ వాళ్ల చేతిలో ఉన్న మనీలా మీదికి దండెత్తారు. ఆ ఓడలు బయల్దేరింది మన మద్రాసు నుంచే, వాటిలో మద్రాసు సిపాయిలున్నారు. మనీలా పడిపోయాక స్పానిష్ అధికారి సిమోన్ దె ఆండా పంపాంగలోని బాకొలోర్ ఊరికి వచ్చి అక్కణ్నుంచి ప్రభుత్వం నడిపాడు. కొందరు సిపాయిలు తిరిగి రాకుండా మనీలా పక్కన కైంతా అనే ఊళ్లో పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. మీ అబ్బాయి కంటే చాలా ముందే మన తీరం వాళ్లు అటు వెళ్లారన్నమాట.

'ముప్పున్న భాష' అన్నారు. అదే వ్యాసంలో 20 లక్షల మందికి పైగా మాట్లాడతారని, పాత నిఘంటువుందని, నాటకాలున్నాయని కూడా రాశారు. పదిమందో ఇరవైమందో మిగిలిన భాషలని అలా అంటే ఒప్పుకుంటాను. ఇది అనవసరంగా భయపెట్టడం కాదా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

మాస్టారూ, నమస్కారం. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ముందు మీరన్న ఆస్తుల సంగతి చెబుతాను.

దియెగో బెర్గాన్యో అనే అగస్టీనియన్ మతగురువు కపంపాంగన్ నిఘంటువుని 1732లో అచ్చువేశాడు. మన బ్రౌను దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది 1852లో. అంటే 120 ఏళ్ల ముందు. బెర్గాన్యోది నేను చదివింది 2007లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదంలో. వరి ఎదిగే ఒక్కొక్క దశకీ, వలల్లో ఒక్కొక్క రకానికీ ఎంత శ్రద్ధగా మాటలు పోగుచేశాడో చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఇక నాటకం. స్థానిక భాషలో రాసిన మొదటి సంగీత నాటకంగా ఫిలిప్పీన్స్ వాళ్లు చెప్పుకునే 'ఇంగ్ మనగ్పే'ని మరియానో ప్రొసెసో పబాలన్ బైరన్ 1900లో బాకొలోర్‌లో ఆడించాడు. తగలాగ్ కంటే ముందు ఈ భాషలోనే వచ్చింది. అదే ఊరివాడు హువాన్ క్రిసోస్తొమో సోతో. కవి, నాటకకర్త, పత్రికా సంపాదకుడు, 1918లో పోయాడు. ఇద్దరు కవులు వేదికెక్కి ఒకే విషయం మీద పద్యాలతో వాదించుకునే ప్రక్రియకి అతని పేరు మీదే 'క్రిసోతన్' అని పేరు పెట్టారు. మన జంటకవుల సభలు చూసినవాళ్లకి ఆ రుచి వెంటనే తెలుస్తుంది.

ఇంత ఆస్తి ఉంది. ఇక ముప్పు ఎక్కడుందంటారా, మా వీధి చివర ఒక సారి-సారి కొట్టు ఉండేది. ఇంటి ముందుగదికి ఇనప ఊచలు బిగించి చేసిన కొట్టు. షాంపూ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడేవి. గుడ్లు విడిగా ఇచ్చేవారు, వెనిగర్ చిన్న ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇచ్చేవారు. కొట్టావిడకి నలభై దాటి ఉంటాయి. సాయంత్రం పెద్దవాళ్లు బల్ల మీద చేరేవారు. ధరలు, అప్పులు, ఎవరి కోడలు ఏమందో, అంతా కపంపాంగన్‌లోనే. అంతలో ఆవిడ మనవరాలి వయసు పిల్ల ఒకతె చిల్లర పట్టుకుని వచ్చేది. కొట్టావిడ మాట ఆ క్షణంలోనే తగలాగ్‌లోకి తిరిగేది. 'ఏం కావాలి? మిగతా చిల్లర అమ్మకివ్వు.' ఆ పిల్ల సొంత అమ్మమ్మ అదే బల్ల మీద కూర్చుని ఉండేది. ఆవిడా మనవరాలితో తగలాగే. పిల్ల వెళ్లిపోగానే మళ్లీ కపంపాంగన్.

ఎందుకమ్మా అని ఆ అమ్మమ్మని అడిగాను. బళ్లో ఇబ్బంది పడకూడదని అంది. మా భాష దానికి అర్థమవుతుందిలే, ఎక్కడికి పోతుంది అని కూడా అంది. నిజమే, ఆ పిల్లకి అన్నీ అర్థమవుతాయి. అమ్మమ్మ విసుక్కున్నా, జోకు వేసినా తెలుస్తుంది. జవాబు మాత్రం తగలాగ్‌లో ఇస్తుంది. రేపు తనకి బిడ్డ పుడితే ఏ భాషలో జోకొడుతుంది? ఇదే మాస్టారూ నేను ముప్పు అన్నది. కపంపాంగన్ వాళ్లు తమ భాషని 'అమానుంగ్ సిసువన్' అంటారు, చనుబాలతో వచ్చిన మాట అని. ఆ పాలిచ్చే చోటే మాట మారిపోతోంది. జనాభా లెక్కలవాడు వచ్చి అడిగితే ఆ ఇంట్లో అందరినీ కపంపాంగన్ వాళ్లుగానే రాసుకుపోతాడు. 20 లక్షల సంఖ్య అలాగే ఉంటుంది.

దీనికి కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1937లో అధ్యక్షుడు మాన్యుయెల్ కెజోన్ జాతీయ భాషకి తగలాగ్‌ని పునాదిగా ప్రకటించాడు. తర్వాత దానికి పిలిపినో అని, 1987 రాజ్యాంగంలో ఫిలిపినో అని పేర్లు మారాయి. పునాది మారలేదు. బడి, టీవీ, సినిమా, ప్రభుత్వ కాగితం అన్నీ ఆ భాషలోనో ఇంగ్లిషులోనో. దూరాన వేరే దీవిలో, వేరే భాష మాట్లాడే సెబూ వాళ్లకి మనీలాతో మధ్యలో సముద్రం అడ్డుంది. పంపాంగకి మనీలాతో ఉన్న దూరం ఆ 80 కిలోమీటర్లే. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. ఇళ్ల స్థలాల కోసం మనీలా వాళ్లే ఇటు వచ్చి కాలనీలు కట్టుకుంటున్నారు. వీధిలో ఒక్క ఇల్లు తగలాగ్ వాళ్లదైతే పిల్లలందరి ఆటా తగలాగ్‌లోకి మారుతుంది. పిల్లల ఆట ఎటు పోతే భాష అటే పోతుంది.

తర్వాత సిగ్గు. కపంపాంగన్‌లో 'హ' పలకదు. అందుకని వీళ్లు తగలాగ్‌గానీ ఇంగ్లిషుగానీ మాట్లాడితే ఉండాల్సిన చోట 'హ' పోతుంది, లేని చోట వచ్చి చేరుతుంది. మనీలాలో దీని మీద వేసే వెక్కిరింతలకి లెక్కలేదు. హాస్టల్లో చేరిన పిల్ల మొదటి వారంలోనే నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది. అంతకంటే చేదైన మాట కూడా ఒకటుంది. 1901లో విప్లవ నాయకుడు అగినాల్దోని అమెరికా సైన్యం పట్టుకున్నప్పుడు వాళ్లకి సాయపడ్డది పంపాంగలోని మకబెబె ఊరి సిపాయిలు. దాన్ని పట్టుకుని మొత్తం జాతికే 'కుక్క రక్తం' అని పేరు అంటగట్టారు. అదే పంపాంగ మనుషులు స్పెయిన్ మీద తిరుగుబాటులో ప్రాణాలిచ్చారన్నది ఎవరికీ గుర్తు రాదు. ఇంట్లో ఇలాంటి మాటలు విని పెరిగిన తల్లి, బిడ్డ యాస లేకుండా ఉంటే బాగుండునని కోరుకుంటే నేను ఆమెని తప్పుపట్టలేను.

ఆపైన కొండ. 1991 జూన్ 15న పినతూబో అగ్నిపర్వతం బద్దలైంది. బూడిద ఒకసారి కురిసి ఆగింది, కానీ ఆ తర్వాత ఏటేటా వానాకాలంలో కొండ మీది బూడిద బురదై వరదలా వచ్చి ఊళ్లని ముంచింది. ఆ బురదని లహార్ అంటారు. 1995లో బాకొలోర్ పూడిపోయింది. ఆ ఊరి సాన్ గిల్యెర్మో చర్చి ఇప్పటికీ సగం భూమిలోనే ఉంది. ఒకప్పుడు కిటికీలున్న ఎత్తులోంచి లోపలికి నడిచి వెళతాం, తలెత్తితే పైకప్పు చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. నాటకాలు పుట్టిన ఊరు, సోతో పుట్టిన ఊరు అది. అక్కడి మనుషులు పునరావాస కాలనీలకీ మనీలాకీ చెదిరిపోయారు. ఎక్కడి వాళ్లో పక్కింట్లో ఉంటే అందరికీ వచ్చిన భాషలోనే మాట కలుస్తుంది. అది తగలాగ్ అయింది.

బడిలో మాతృభాష పెడితే ఈ పరిస్థితి మారదా అంటారేమో. పెట్టారు. 2012లో మొదటి మూడు తరగతుల దాకా పిల్లల సొంత భాషలోనే పాఠాలు చెప్పాలని దేశమంతా మొదలుపెట్టారు, మొదట ఎంచుకున్న 12 భాషల్లో కపంపాంగన్ ఉంది. నేను ఆ పుస్తకాలు చేత్తో పట్టుకుని చూశాను, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ పుస్తకాలు చాలలేదు, టీచర్లకి శిక్షణ చాలలేదు. పట్నం బళ్లలో సగం పిల్లలకి ఇంటి భాష అప్పటికే తగలాగ్ అయిపోయింది. 2024 అక్టోబరులో వచ్చిన చట్టంతో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు బోధన ఫిలిపినోలో, ఇంగ్లిషులో. ప్రాంతీయ భాష సాయానికి మాత్రమే. నాలుగు అడుగులు తవ్వి నీళ్లు పడలేదని బావి పూడ్చేసినట్టుంది ఈ పని. మాతృభాషలో చదువు ఫలితం తెలియాలంటే కనీసం ఒక తరం పిల్లలు దాన్ని పూర్తిగా దాటాలి.

కాబట్టి మాస్టారూ, భయపెట్టడానికి రాయలేదు. పదిమందే మిగిలాక భాషని బతికించాలంటే ఎంత కష్టమో హవాయి వాళ్లనడిగితే చెబుతారు. వాళ్ల బళ్లలోంచి హవాయి భాషని 1896లో తోసేశారు. 1984లో టీచర్లూ తల్లిదండ్రులూ పూనుకుని పసిపిల్లల బళ్లు పెట్టుకునేసరికి ఆ భాష వచ్చిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇప్పుడు పంపాంగలో ప్రతి ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంది. డబ్బు ఖర్చు లేకుండా బాగుచేసుకోగల సమయం ఇదే.

కపంపాంగన్‌కి సొంత లిపి ఉందని విన్నాను. మన లిపితో సంబంధముందా? మరి స్పెల్లింగ్ మీద గొడవలేమిటి? — ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

లిపి పేరు కులితన్. మన తెలుగు లిపిలాగే ఇదీ బ్రాహ్మీ సంతతిదే. అక్షరంలో 'అ' దాగుంటుంది, గుర్తు పెడితే 'ఇ'గానో 'ఉ'గానో మారుతుంది. గుణింతం వచ్చిన మన పిల్లవాడికి ఈ పద్ధతి వివరించాల్సిన పనే లేదు. ఇప్పుడు రాసే పద్ధతిలో వరస పైనుంచి కిందికి దిగుతుంది, వరసలు కుడి నుంచి ఎడమకి సాగుతాయి. కుర్రవాళ్లు చొక్కాల మీద, పచ్చబొట్లలో, దుకాణాల బోర్డుల మీద వేసుకుంటున్నారు. నాకిది చాలా ఇష్టం. అయితే పచ్చబొట్టు వేయించుకున్న కుర్రవాడు ఇంట్లో చెల్లెలితో ఏ భాషలో మాట్లాడుతున్నాడన్నది నాకు అంతకంటే ముఖ్యం.

రోజువారీ రాత రోమన్ అక్షరాల్లోనే. గొడవ అక్కడ. 'క' ధ్వనికి స్పానిష్ కాలం నుంచి 'సి', 'క్యూ' అక్షరాలు వాడారు. ఆ పద్ధతి బాకొలోర్ పేరు మీద నడుస్తోంది. తర్వాత 'కె' వాడే పద్ధతి వచ్చింది, అది గ్వాగ్వా ఊరి పేరు మీద. పాత ప్రార్థనలూ నాటకాలూ మొదటిదాంట్లో, బడి పుస్తకాలు రెండోదాంట్లో. రెండూ కలిపి రాసే మూడో పక్షం కూడా ఉంది. ఎవరైనా చక్కని కవిత రాస్తే కవిత సంగతి వదిలేసి స్పెల్లింగ్ మీద పడేవాళ్లని చూశాను. గ్రాంథికం, వ్యావహారికం అని తెలుగువాళ్లం కొట్టుకున్న రోజులు గుర్తొచ్చేవి. మన తగువు వల్ల చివరికి జనం మాట అచ్చులోకొచ్చింది. వాళ్ల తగువు ఎటూ తేలక, రాసే చెయ్యే వెనకాడుతోంది. నన్నడిగితే ఎవరికి అలవాటైనట్టు వాళ్లు రాయనిచ్చి, ముందు రాసేవాళ్లని పెంచుకోవాలి.

రొయ్యలతో అక్కడేదో పచ్చడి చేస్తారని రాశారు. ఎలా చేస్తారు? — ఓ గృహిణి, భీమవరం

దాన్ని బురో అంటారు. మెత్తగా వండిన అన్నం చల్లార్చి ఉప్పు కలిపి, చిన్న రొయ్యలో చేప ముక్కలో వేసి జాడీలో మూత బిగించి వారం దాకా ఊరనిస్తారు. పులిసి జావలా అవుతుంది. తర్వాత వెల్లుల్లి, అల్లం తాలింపులో మగ్గిస్తారు. ఉడికించిన వంకాయ, పచ్చి ఆవాకు, వేయించిన చేప పక్కన పెట్టుకుని తింటారు. వాసనకి మొదట వెనక్కి తగ్గినా తర్వాత వదలరు.

దేశంలో మంచి వంటంటే పంపాంగదే అని అందరూ ఒప్పుకుంటారు. సిసిగ్ అనే పందిమాంసం వంటకానికి ఏంజెలెస్ పెట్టింది పేరు. డిసెంబరులో సాన్ ఫెర్నాండోలో ఇంటంత ఎత్తు లాంతర్ల పోటీకి లోకమంతా వస్తుంది. వంటకీ పండగకీ ఇంత గౌరవముంది కదా, వాటిని వండే, కట్టే చేతులు మాట్లాడే భాషకి ఆ గౌరవం ఎందుకు రాదని నాకు బాధగా ఉంటుంది.

నేను కొలాం వాణ్ని. మా కొలామీ మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు, మా పిల్లలు తెలుగులోకి మారిపోతున్నారు. మీరు 20 లక్షల మంది భాష గురించి ఇంత రాశారు. ఆ పంపాంగలో మా లాంటివాళ్లు లేరా? — ఓ పాఠకుడు, ఆదిలాబాద్

ఉన్నారయ్యా. పినతూబో కొండ వాళ్లదే. ఆయ్తాలంటారు. మైదానం వాళ్లు రాకముందు నుంచీ ఆ అడవుల్లో ఉన్నవాళ్లు. పోరక్, ఫ్లోరిదాబ్లాంక వైపు మాగ్-ఇందీ, మబలకాట్ నుంచి టార్లక్ వైపు మాగ్-ఆంచీ అనే భాషలు మాట్లాడతారు. వాటిని మాట్లాడేవాళ్లు వేలల్లోనే ఉన్నారు. కొండ పేలినప్పుడు అందరికంటే ఎక్కువ నష్టపోయింది వాళ్లే. అడవి పోయింది, ఊళ్లు పోయాయి, కిందికి దిగి పునరావాస కాలనీల్లో బతకాల్సొచ్చింది. అరటిగెలలు, దుంపలు అమ్ముకోవడానికి బజారుకి వచ్చే ఆయ్తా ఆడవాళ్లు అమ్మేటప్పుడు కపంపాంగన్ మాట్లాడతారు, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు గొంతు తగ్గించి సొంత భాష మాట్లాడతారు. బేరమాడే మా పక్కింటావిడకి వాళ్ల భాషలో ఒక్క మాట రాదు. తన భాషని మనీలా వాళ్లు చిన్నచూపు చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషే ఆవిడ.

మీ ఉత్తరం చదివాక తెలుగుదాన్నైన నాకు మాట రాలేదు. ఆదిలాబాద్‌లో మీ కొలామీకీ, గోండికీ, ఇటు అరకు వైపు కొండదొరల కొండ భాషకీ, కువి భాషకీ తెలుగు చేస్తున్నది అదే. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని పట్టుబట్టారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషే ఆ పనీ చేశారు. మన దగ్గర ఆ రెండో పనిని ఎత్తుకున్నవాళ్లు తక్కువ. మీ ఊరి పెద్దవాళ్లు చెప్పే కథలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. ఎవరు, ఏ ఊరు, ఏ రోజు అన్నది ప్రతి రికార్డింగ్ మొదట్లో గొంతుతోనే చెప్పించండి. తెలుగు లిపిలో రాసిపెట్టే పనిలో నా సాయం కావాలంటే ఈ పత్రిక చిరునామాకే రాయండి, నేను వస్తాను.

మాది ఖమ్మం. ఏంజెలెస్‌లో రెండో ఏడు చదువుతున్నాను. పాఠాలు ఇంగ్లిషులో, స్నేహితులు తగలాగ్ నేర్చుకోమంటున్నారు. మరో రెండేళ్లలో వార్డుల్లోకి వెళ్లాలి. కపంపాంగన్ నేర్చుకోవడం దండగ కాదా? — ఓ విద్యార్థిని

తగలాగ్ తప్పకుండా నేర్చుకోండి, దేశంలో ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. కానీ వార్డులోకి వచ్చే అరవై ఏళ్ల రైతు తన నొప్పిని తగలాగ్‌లో చెప్పడు. చెప్పినా, సగం చెబుతాడు. నొప్పి ఉన్నప్పుడు మనిషికి చిన్నప్పటి మాటే వస్తుంది. మీ ఖమ్మంలో ఒక ముసలాయన కడుపునొప్పిని ఇంగ్లిషులో వర్ణించాల్సొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ముందుగా 'పు' నేర్చుకోండి. మన 'అండి' లాంటిది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యంలో మొదటి మాట తర్వాత పడుతుంది. అవునండీ అనడానికి 'ఓపు', కాదండీ అనడానికి 'అలీ పు'. చాలా థాంక్సండీ అనాలంటే 'దకల్ పుంగ్ సలామత్'. ఇది మరిచిపోతే మిగతాదంతా సరిగ్గా మాట్లాడినా మర్యాద తెలియని పిల్ల అనుకుంటారు.

వార్డుకి పనికొచ్చేవి: 'నానూ పు ఇంగ్ మసకిట్ కెకయు?' అంటే మీకు ఎక్కడ నొప్పి, ఏం బాధ అని అడగడం. 'కపిలన్ పా పు?' అంటే ఎప్పట్నుంచండీ అని. జవాబుగా 'మసకిట్ య ఇంగ్ బుంతుక్ కు' అంటే తల నొప్పిగా ఉందని, 'బుంతుక్' స్థానంలో 'అత్యన్' వస్తే కడుపు అని.

కష్టమైన చోటు ఒకటుంది, ముందే చెబుతాను. ఎవరు చేశారు, ఎవరికి చేశారు అన్న రెండూ కలిసి ఒకే చిన్న మాటలో ఇమిడిపోతాయి. నేను అతన్ని చూశాను అనడానికి 'ఇకిట్ కె', అతను ఆమెని చూశాడు అనడానికి 'ఇకిట్ నె', నేను నిన్ను చూశాను అనడానికి 'ఇకిట్ దకా'. అందులోని 'కె', 'నె', 'దకా'ల్లోనే ఇద్దరు మనుషులూ ఉన్నారు. తగలాగ్ నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే తడబడతారు. పట్టిక బట్టీపట్టొద్దు, నాకు అలా రాలేదు. పక్కింటి పెద్దావిడ టీవీలో సీరియల్ చూస్తూ ఎవరు ఎవర్ని ఏం చేశారో నాకు కపంపాంగన్‌లో చెబుతూ ఉండేది. అలా వింటూ ఉంటే వాటంతటవే నోటికొచ్చాయి.

మీ ఊళ్లోనే హోలీ ఏంజెల్ విశ్వవిద్యాలయంలో కపంపాంగన్ అధ్యయన కేంద్రం ఉంది. బెర్గాన్యో నిఘంటువు అనువాదం వెలువరించింది ఆ విశ్వవిద్యాలయమే. ఒకసారి వెళ్లి చూడండి. పవిత్ర వారంలో వీధుల్లో పందిళ్లు వేసి క్రీస్తు కథని రాత్రింబవళ్లు వంతులవారీగా పాడతారు, అదీ కపంపాంగన్‌లోనే. పాడేవాళ్లంతా పెద్దవయసు వాళ్లే. పుస్తకం చేతికిచ్చి పక్కన కూర్చోమంటారు, మొహమాటపడకుండా కూర్చోండి.

మొదట్లో మీరు కపంపాంగన్‌లో అడిగితే వాళ్లు ఇంగ్లిషులో జవాబిస్తారు. విదేశీ పిల్ల ఇబ్బంది పడకూడదని. మీరు మాత్రం ఆపకండి. పైన రాసిన వాక్యాలు మీ ఇంటి యజమానురాలికో క్యాంటీన్‌లో ఆంటీకో చదివి వినిపిస్తే పలుకు సరిదిద్దుతారు. ఎక్కడ సరిదిద్దారో నాకు రాయండి. వచ్చే నెల ఒంట్లోని మిగతా భాగాల పేర్లు, జ్వరానికీ దగ్గుకీ పెద్దవాళ్లు వాడే మాటలు ఇస్తాను.